మూడు వెలుతురుల్లో ఒక పచ్చ

నా మొదటి ఏకవ్యక్తి ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం, గ్యాలరీలో చిత్రాలు గోడకు తగిలిస్తున్న పెద్దాయన నిచ్చెన మీదినుంచే తల తిప్పి, "ఇది రాత్రి బొమ్మా అమ్మా?" అని అడిగారు. ఆయన చేతుల్లో ఉన్నది ఒక నది ఒడ్డున, పొద్దున్నే, మంచు విడిచిన గంటకు మొదలుపెట్టిన చిత్రం. "కాదు బాబాయ్, పొద్దుటి బొమ్మే" అన్నాను గానీ, ఆయన దాన్ని మేకుకు తగిలించి కిందికి దిగాక గోడవైపు చూస్తే ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. స్టూడియోలో రెండు నెలలపాటు నా ఎదుట నిలబడి రోజూ నన్ను మురిపించిన ఆ పచ్చదనం, పైకప్పుకు వరసగా బిగించిన పసుపు దీపాల కింద తడిసిన గోనెసంచి రంగుకు దిగిపోయింది. నీటి అంచున ఉన్న చెట్లన్నీ ఒక ముద్దగా కలిసిపోయాయి. ఆయన మాటలో ఎగతాళి ఏమీ లేదు. కనిపించింది కనిపించినట్టు అడిగారు. ప్రదర్శన ముగిసి ఏళ్లు గడిచినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

చిత్రకారుల పని గురించి ఎవరు మాట్లాడినా ప్రేరణ అనే మాట ముందుగా వస్తుంది. ప్రకృతి నుంచి, ప్రయాణాల నుంచి ప్రేరణ పొందుతామని మేమూ మా ప్రదర్శన పత్రాల్లో రాసుకుంటాం. అందులో అబద్ధం లేదు. అయితే రోజువారీ పనిలో నాకు ఎదురయ్యే సమస్య దానికన్నా చాలా మొరటుది. బయట ఒక వెలుతురులో చూసిన రంగును స్టూడియోలోని మరో వెలుతురులో కలిపి, ప్రదర్శనశాలలోని మూడో వెలుతురులో నిలబెట్టాలి. ఈ మూడింటిలో ఏదీ మిగతా రెండింటి మాట వినదు. ఆ నది ఒడ్డు పచ్చ మూడు చోట్లా ఏ పాట్లు పడిందో చెబితే నా వృత్తి గురించి చాలావరకు చెప్పినట్టే అవుతుంది.

ఆ ఒడ్డుకు నేను వరసగా నాలుగు రోజులు వెళ్లాను. ఆరుబయట పనికి దొరికేది రోజుకు రెండు గంటలు, మహా అయితే రెండున్నర. ఆ తరువాత నీడలు పక్కకు జరుగుతాయి. అంతవరకు వెలిగిన కొమ్మ చీకట్లోకి వెళ్లి, దాని వెనకది ముందుకు వస్తుంది. అప్పటికీ కుంచె ఆపకపోతే ఒకే చిత్రంలో ఇద్దరు సూర్యులు ఉదయిస్తారు. అందుకని మొదటి పది నిమిషాల్లోనే నీడల హద్దులు పలచని మట్టిరంగుతో గీసుకుని, ఆపైన అవి ఎటు జరిగినా ఆ గీతలకే కట్టుబడి ఉండాలి. మరునాడు అదే వేళకు రావాలి. వచ్చేసరికి ఆకాశం మబ్బు పట్టి ఉంటే నిన్నటి కాన్వాసు సంచిలోంచి తీయకూడదు, మబ్బుకు వేరే కాన్వాసు ఉండాలి. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1892లోనూ 1893లోనూ రువాఁ నగరంలోని కేథడ్రల్ అనే పెద్ద చర్చిని ఎదుటి భవనాల కిటికీల్లోంచి చిత్రించినప్పుడు ఈ పద్ధతినే దాని చివరి అంచు దాకా తీసుకువెళ్లారు. వెలుగు మారినకొద్దీ ఒక కాన్వాసు దించి మరొకటి ఎక్కిస్తూ దాదాపు ముప్పై చిత్రాలు వేశారు. రాతి గోడ కదలదు కాబట్టి కదిలేదంతా వెలుతురే అని ఆ వరస చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నా ముందున్నది రాయి కాకపోవడంతో కష్టం మరోలా వచ్చింది. ఆకులు కదులుతాయి, పైగా అవి పచ్చగా ఉంటాయి. పచ్చ ఎంత తిప్పలు పెట్టే రంగో ప్రకృతి దృశ్యాలు వేసేవాళ్లకే తెలుస్తుంది. ట్యూబులోంచి పిండిన పచ్చను నేరుగా చెట్టు మీద పెడితే అది బొమ్మల కొట్లో దొరికే ప్లాస్టిక్ ఆకులా మెరుస్తుంది. రెండో రోజు పని ఆగిపోయినప్పుడు, నా తలకు జానెడు ఎత్తులో వంగి ఉన్న కొమ్మనే కాసేపు చూస్తూ కూర్చున్నాను. సూర్యుడికి అడ్డంగా నిలిచిన ఆకులోంచి వెలుగు దూరి వస్తోంది. అది దాదాపు నిమ్మపండు రంగులో ఉంది, ఈనెలు మాత్రం దానికన్నా ముదురుగా కనిపిస్తున్నాయి. దాని పక్కనే బల్లపరుపుగా పరుచుకున్న ఆకు పైనున్న ఆకాశాన్ని అద్దంలా పట్టుకుని బూడిద కలిసిన నీలంగా ఉంది. విడిగా చూపిస్తే దాన్ని ఎవరూ పచ్చ అనరు. రెండింటి కింద నీడలో ఉన్న ఆకు గోధుమ వైపు మొగ్గింది. ఒకే కొమ్మ, బహుశా ఒకే వారంలో చిగురించిన ఆకులు. మనం ఆకుపచ్చ అని పిలుస్తున్నది ఒక పేరే తప్ప ఒక రంగు కాదని ఆరోజు నాకు కంటితో తెలిసింది. అంతకుముందు తెలియదా అంటే తెలుసు, కానీ చదివి తెలుసుకున్న సంగతి కుంచె కొసకు రావడానికి ఏళ్లు పడుతుంది.

అప్పటినుంచి నేను బయటికి తీసుకువెళ్లే పెట్టెలో విరిడియన్ అనే నీలి ఛాయ పచ్చ తప్ప వేరే పచ్చ ట్యూబు లేదు. మిగిలినవన్నీ అక్కడికక్కడే పసుపులు, నీలాలతో కలుపుకుంటాను, కలిపిన ప్రతి పచ్చలోనూ ఏదో ఒక ఎర్రమట్టి రంగు పిసరంత వేస్తాను. ఎరుపు తగలని పచ్చ అరుస్తుంది. మన ప్రాచీనులు చిత్రకళకు చెప్పిన షడంగాల్లో చివరిది వర్ణికాభంగం. రంగుల కలయికను, కుంచె నేర్పును కలిపి ఆ ఒక్క మాటలో పెట్టారు. చివరన చెప్పారు కాబట్టి తేలికైనదని అనుకునేవారు ఒక్క ఉదయం చెట్టు ముందు కూర్చుంటే చాలు.

పచ్చను చూసి జంకడం నాతో మొదలైన జబ్బు కాదు. పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండులో ప్రకృతి చిత్రాలకు గోధుమ రంగే మర్యాదగా చలామణి అయింది. పాత చిత్రాల మీద వార్నిష్ ముదిరి పసుపెక్కడంతో ఆ మసకే గొప్ప చిత్రానికి లక్షణమని రసికులు నమ్మారు. అలాంటి రసికుడైన సర్ జార్జ్ బ్యూమాంట్, చిత్రానికి పాత వయొలిన్ రంగు ఉండాలని వాదిస్తే, చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ మారుమాట చెప్పకుండా ఒక వయొలిన్ తెచ్చి ఇంటి ముందున్న పచ్చిక మీద పెట్టారట. ఈ సంగతిని ఆయన మిత్రుడు లెస్లీ తాను రాసిన కాన్‌స్టబుల్ జీవితచరిత్రలో నమోదు చేశారు. నాకు ఈ కథలో నచ్చేది కాన్‌స్టబుల్ గెలవడం కాదు, వాదాన్ని గదిలోంచి బయటి వెలుతురులోకి తీసుకురావడం.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న అలవాటు ఇంకొకటి ఉంది. 1821, 1822 సంవత్సరాల్లో కాన్‌స్టబుల్ లండన్ పక్కనున్న హాంప్‌స్టెడ్‌లో కేవలం ఆకాశాన్నీ మబ్బులనూ చూస్తూ పదులకొద్దీ చిన్న తైలవర్ణ చిత్రాలు వేశారు. వాటిలో చాలావాటి వెనక తేదీ, గంట, గాలి ఏ దిక్కునుంచి వీస్తోంది, ఆ తరువాత వాన పడిందా లేదా అన్న వివరాలు రాసి పెట్టారు. నేనూ ప్రతి బయటి చిత్రం వెనక పెన్సిలుతో రెండు పంక్తులు రాస్తాను. నెలల తరువాత స్టూడియోలో ఆ చిత్రం మౌనంగా నిలబడినప్పుడు, "ఏడూ నలభై. పడమటి గాలి. నీటి మీద పొగ" అన్న మూడు ముక్కలు ఫొటో కన్నా ఎక్కువ తిరిగి తెస్తాయి. ఫొటోను నేను తృణీకరించను, కొమ్మ ఎక్కడ వంగిందో దానికి నాకన్నా బాగా గుర్తుంటుంది. కానీ నీడను నల్లగా మింగేస్తుంది, ఎండను తెల్లగా కాల్చేస్తుంది. మనిషి కన్ను రెండింటిలోకీ ఒకేసారి తొంగిచూడగలదు.

బయటి పనిలో కనబడని మరో సహాయకుల గుంపు ఉంటుంది: దోమలు, రెక్కల పురుగులు, ఇసుక. ఆ నది చిత్రంలో నీటి భాగాన అతుక్కున్న చిన్న రెక్కను నేను తీయకుండా వదిలేశాను. ఇందులో నాకు పెద్దల అండ ఉంది. విన్సెంట్ వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల చిత్రం ఒకటి అమెరికాలోని కాన్సస్ సిటీలో నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని పరిశీలించిన నిపుణులకు రంగు పొరలో ఇరుక్కున్న ఒక మిడత అవశేషం దొరికిందని 2017లో ప్రకటించారు. నూట పాతికేళ్లకు పైగా ఎందరు ఆ చిత్రం ముందు నిలబడ్డారో, వారిలో ఒక్కరికీ అది కనబడలేదు.

ఇక నా మొదటి తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెప్పగలను. నాలుగు ఉదయాల్లో చివరి రెండు రోజులు గొడుగు పట్టే బద్ధకంతో నా చిన్న బోర్డును ఎండలోనే ఉంచి పనిచేశాను. వెలుగును కొలిచే లక్సుల్లో చెబితే, నిండు ఎండ లక్ష దరిదాపుల్లో ఉంటుంది. ప్రదర్శనశాల గోడ మీద తైలవర్ణ చిత్రానికి దొరికేది దాదాపు రెండువందల లక్సులు. ఎండలో మెరిసే కాన్వాసు మీద ఎంత ముదురు రంగు పెట్టినా లేతగానే కనిపిస్తుంది కాబట్టి చేయి తనంతట తానే మరింత ముదురుకు వెళుతుంది. అక్కడ సరిపోయిందనుకున్న నీడ, లోపలికి తెచ్చేసరికి బావిలా లోతుగా మారుతుంది. ఇది కొత్తవాళ్లకు మొదటి వారమే చెప్పే పాఠం. నాకూ చెప్పారు. నేను విన్నాను కూడా, కానీ ఆ ఒడ్డున గాలికి గొడుగు రెండుసార్లు ఎగిరిపోయాక పాఠం కన్నా విసుగే బలంగా పనిచేసింది. ఇప్పుడు నా గొడుగు తెల్లనిది లేదా బూడిదరంగుది మాత్రమే. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే కాన్వాసు మొత్తం సిగ్గుపడినట్టు కనిపిస్తుంది.

ప్రయాణాల గురించి నాకు కొంత విరుద్ధమైన అభిప్రాయం ఉంది. కొత్త చోటికి వెళ్లిన మొదటి రెండు రోజులు కంటికి కనిపించిన ప్రతిదీ చిత్రంలాగే ఉంటుంది. ఆ రెండు రోజుల్లో వేసినవి ఇంటికి వచ్చాక చూస్తే నూటికి తొంభై కొత్తదనం చూసి నోరు వెళ్లబెట్టినట్టే ఉంటాయి. మూడో రోజుకు ఆ మత్తు దిగి కొంచెం విసుగు పుడుతుంది. చూడటం అప్పుడు మొదలవుతుంది. అందుకే నాకు వీలైనంతవరకు కొత్త చోటుకు ఒకసారి వెళ్లడం కన్నా పాత చోటుకు రెండోసారి వెళ్లడమే ఇష్టం. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ తన సొంత ఊరు ఎక్స్ దగ్గరున్న సెంత్ విక్త్వార్ కొండను తైలవర్ణాల్లోనూ నీటి రంగుల్లోనూ మళ్లీ మళ్లీ వేస్తూనే పోయారు. 1906 అక్టోబరులో ఆరుబయట పనిచేస్తూ వానలో తడిసి పడిపోయి, కొద్దిరోజులకే మరణించారు. ఆయన ప్రయాణమంతా ఒక కొండ చుట్టూ జరిగింది.

అలాగని దూరప్రయాణాన్ని కొట్టిపారేయలేను. మనుషుల రూపాలు వేస్తూ వచ్చిన చిత్రకారుడు రామ్ కుమార్ 1960లో ఎం. ఎఫ్. హుస్సేన్‌తో కలిసి వారణాసి వెళ్లారు. ఆ తరువాతి చిత్రాల్లోంచి మనుషులు క్రమంగా తప్పుకుని, మెట్లు, గోడలు, బురద, నీరు మిగిలాయి. జర్మన్ చిత్రకారుడు ఔగుస్ట్ మాకే 1914 ఏప్రిల్‌లో తోటి చిత్రకారులు పాల్ క్లే, లూయీ మోయ్యేలతో కలిసి ట్యునీషియా వెళ్లి, దాదాపు రెండు వారాల్లో తన జీవితంలోకెల్లా తేటైన నీటి రంగుల చిత్రాలు వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో యుద్ధభూమిలో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 27. మత్తు దిగని మొదటి రోజుల గురించి నేను పైన అన్న మాటకు ఆయన చిత్రాలు సరిగ్గా ఎదురు నిలుస్తాయి, నేను వాటితో వాదించదలచుకోలేదు.

ప్రయాణం నా చేతికి నేర్పింది మాత్రం గాలి గురించి. తేమ నిండిన తీరాల్లో నీటి రంగు పొర ఆరడానికి ముప్పావు గంట పట్టిన రోజులున్నాయి; ఆరిందనుకుని రెండో పొర వేస్తే మొదటిది లేచి, అంచుల్లో కాలీఫ్లవర్ ఆకారపు మరకలు పూస్తాయి. పొడిగాలి వీచే ఎత్తైన చోట్ల కుంచె కాగితం చివరికి చేరేలోపే మొదలు ఆరిపోతుంది, ఆకాశం చారలు చారలుగా తయారవుతుంది. అక్కడ కాగితాన్ని వెనకవైపు కూడా తడపాలి, కుంచె రెండు సైజులు పెద్దది వాడాలి. కొండల వరసలు కూడా అక్కడే అర్థమయ్యాయి. దగ్గరి కొండ పచ్చగా, దాని వెనకది నీలం కలిసిన పచ్చగా, ఆ వెనకవి వట్టి నీలంగా కనిపించడానికి కారణం నడుమ ఉన్న గాలి. సూర్యకాంతిలోని నీలపు భాగాన్ని గాలి అణువులు ఎక్కువగా చెదరగొట్టడంతో, మనకూ కొండకూ మధ్య ఆ నీలం తెరలా పరుచుకుంటుంది. పాలెట్ మీద దీన్ని పాటించాలంటే దూరం పెరిగేకొద్దీ పచ్చలోంచి ముందుగా పసుపును తీసేయాలి. చాలామంది తెలుపు కలుపుతారు. తెలుపు కలిపితే కొండ దూరం జరగదు, దానికి సున్నం కొట్టినట్టు ఉంటుంది.

స్టూడియో దగ్గరికి వస్తే, బయటివారు ఊహించుకునేదానికీ అక్కడ జరిగేదానికీ పోలిక తక్కువ. చట్రానికి కాన్వాసు బిగించడం, దాని మీద రంగు నిలవడానికి జెస్సో అనే తెల్లటి పూత పూయడం, ఆరాక కాగితంతో రుద్ది మళ్లీ పూయడం, కుంచెలు కడగడం, కడిగిన కుంచెల్లో మొండివాటిని ఏరడం, నిన్నటి రంగును కత్తితో గీకేయడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, చిత్రాలకు కొలతలు తీసి పెట్టెలు కట్టించడం. నిజంగా రంగు వేసే సమయం రోజులో మూడు గంటలు ఉంటే అది మంచి రోజు. తైలవర్ణం మిగతా వాటిలా నీరు ఆవిరైపోయి ఆరేది కాదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. దానికి రోజులు పడుతుంది, పొర మందమైతే వారాలు. కింద నూనె తక్కువ పొర, పైన నూనె ఎక్కువ పొర అన్న వరస తప్పితే, కొన్నేళ్లకు పై పొర చెరువు అడుగు మట్టిలా బీటలు వారుతుంది. చివరి వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. ప్రదర్శన తేదీ మాత్రం ఆగదు. మా వృత్తిలో ఆదుర్దా అంతా ఈ రెండు కాలాల మధ్య సందులో పుడుతుంది.

ఆ నది ఒడ్డు చిత్రాన్ని నేను అక్కడ చిన్న బోర్డు మీద వేసి, స్టూడియోలో నాలుగింతల కాన్వాసు మీదికి తెచ్చాను. ఇలా పెంచడంలో మోసం ఏమీ లేదు. మోనే కూడా రువాఁ చిత్రాలను జివెర్నీలోని తన స్టూడియోలోనే ముగించి, 1895లో వాటిలో ఇరవైని పారిస్‌లో ప్రదర్శించారు. యూజీన్ డెలాక్రవా 1832లో ఫ్రెంచి రాయబార బృందంతో మొరాకో వెళ్లి కొన్ని నెలలు గడిపి, అక్కడ నింపిన నోటుపుస్తకాల ఆధారంగా జీవితాంతం చిత్రాలు వేస్తూ వచ్చారు. అయితే పెంచేటప్పుడు మొదట చచ్చిపోయేది తొందర. చిన్న బోర్డు మీద ఒక్క కుంచె విసురుతో వచ్చిన చెట్టు, పెద్ద కాన్వాసు మీద నలభై విసుర్లు కోరుతుంది. నలభైలో ముప్పైకి చెప్పాల్సిన సంగతేమీ ఉండదు. పెద్ద కాన్వాసుకు పెద్ద కుంచె అన్న మోటు సూత్రమే ఇందుకు విరుగుడు. నేను మాత్రం ఆ చిత్రంలో ఆకులను చిన్న కుంచెతో ముద్దుగా తీర్చిదిద్దుతూ కూర్చున్నాను. దిద్దిన ప్రతి సాయంత్రం అది మరింత బాగుపడినట్టే కనిపించింది.

సాయంత్రం అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది. నా స్టూడియో కిటికీ ఉత్తరానికి ఉంటుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో చిత్రకారులు ఉత్తరపు కిటికీని కోరుకోవడానికి కారణం, చాలా నెలలు అటునుంచి నేరు ఎండ పడకుండా ఆకాశపు వెలుగు ఒక్కటే నిలకడగా రావడం. ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ. పొద్దు వాలినకొద్దీ మన కంటిలో కూడా ఒక మార్పు జరుగుతుంది: మసక వెలుగులో ఎరుపులు ముందుగా నల్లబడతాయి, నీలాలూ పచ్చలూ ఇంకా వెలుగుతున్నట్టే ఉంటాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతో పిలిచే ఈ మార్పును మునిమాపు వేళ తోటలో నిలబడి ఎవరైనా చూసుకోవచ్చు. ఎర్ర పువ్వు ఆకులకన్నా ముందే చీకటిలో కలిసిపోతుంది. అంటే నేను రెండు నెలలపాటు, నీలం ఎక్కువున్న వెలుగులో, పచ్చను మెరిపించి చూపే వేళలో, ఆ పచ్చను మరింత నీలం వైపుకు నెడుతూ వచ్చాను. కిటికీ నన్ను పొగుడుతోందని అనుమానం రాలేదు.

మూడో వెలుతురులో లెక్క తేలింది. వెలుగు పసుపా నీలమా అన్నది కెల్విన్లలో, రంగు ఉష్ణోగ్రతగా చెబుతారు; అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. పాతకాలపు పసుపు దీపం 2700 కెల్విన్ దగ్గర ఉంటుంది. నా ఉత్తరపు కిటికీ ఆకాశం 6500కు పైనే. దీపంలో నీలం తక్కువైనప్పుడు నీలం వైపు ఒరిగిన రంగు తిరిగి పంపడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. ఎండలో ముదిరిన నీడలు, కిటికీ పక్కన నీలించిన పచ్చలు, రెండు తప్పులూ ఆ గోడ మీద చేతులు కలిపాయి. గ్యాలరీవారిని దీపాలు మార్చమని అడిగితే, అందరి చిత్రాలూ వాటికిందే పెట్టామని జవాబు వచ్చింది. అది నిజమే, అందరి చిత్రాలూ కొద్దో గొప్పో అలాగే ఉండి ఉంటాయి.

ఆ రాత్రి పెద్దాయనా నేనూ కలిసి గోడ మొత్తం మళ్లీ కదిపాం. చిత్రం మధ్యభాగం నేలనుంచి 145, 150 సెంటీమీటర్ల నడుమ ఉండాలని, చూసేవారి కంటికి అది హాయని ఆయన కొలిచే టేపు లేకుండానే చేసి చూపించారు. అంతకన్నా ముఖ్యంగా, "దీని పక్కన ఆ ఎండ బొమ్మ ఉంచొద్దమ్మా, ఇది ఇంకా చస్తది" అన్నారు. నది ఒడ్డుకు ఎడమవైపు నేను పెట్టించింది మిట్టమధ్యాహ్నపు ఇసుక మైదానం. దాన్ని తీసి, బూడిదరంగు వానాకాలపు చిత్రం తగిలించేసరికి ముద్దలోంచి రెండు మూడు చెట్లు విడివడ్డాయి. చిత్రాన్ని ముట్టుకోకుండానే దాని రంగు మార్చవచ్చని అప్పుడు చూశాను.

ఈ విద్యలో ఆరితేరిన కొంటెవాడు ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్. 1832లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఆయన వేసిన బూడిదరంగు సముద్రపు చిత్రం పక్కన కాన్‌స్టబుల్ వాటర్‌లూ వంతెన ప్రారంభోత్సవ చిత్రం వచ్చింది. అది పదేళ్లకు పైగా పట్టిన పని, దాని నిండా ఎర్రజెండాలు, బంగారు పడవలు. ప్రదర్శన తెరవకముందు గోడ మీదే చిత్రాలకు తుదిమెరుగులు దిద్దుకోవడానికి సభ్యులకు కొన్ని రోజులు ఇచ్చేవారు. కాన్‌స్టబుల్ తన ఎరుపులకు వన్నె పెడుతుంటే, టర్నర్ రెండు చిత్రాలనూ మార్చి మార్చి చూసి, పాలెట్ తెచ్చి, తన బూడిద సముద్రం మీద నాణెం కన్నా కొంచెం పెద్దదైన ఎర్రచుక్క ఒకటి పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. టర్నర్ ఇక్కడికి వచ్చి తుపాకీ పేల్చి వెళ్లాడని కాన్‌స్టబుల్ అన్నట్టు లెస్లీయే రాశారు. ఒకటిన్నర రోజు తరువాత టర్నర్ తిరిగి వచ్చి ఆ చుక్కను నీటిలో తేలే బోయాగా దిద్దారు. పక్క చిత్రంలోని ఎరుపంతా ఆ ఒక్క చుక్క ముందు వెలవెలపోయింది.

నాకు అంత ధైర్యం లేదు, పైగా నా చిత్రాలు నా చిత్రాల పక్కనే ఉన్నాయి. నేను చేయగలిగింది తరువాతి ప్రదర్శనకు పనితీరు మార్చుకోవడం. స్టూడియోలో ఒక మూల గోడకు బూడిదరంగు వేసి, పైన రెండు రకాల దీపాలు బిగించాను; ఒకటి పసుపుది, మరొకటి పగటి వెలుగుకు దగ్గరగా, రంగులను సరిగా చూపే సామర్థ్యం నూటికి తొంభైకి పైగా ఉన్నది. వారానికోసారి ప్రతి చిత్రాన్నీ అక్కడికి మోసుకువెళ్లి రెండింటి కిందా చూస్తాను. రెండు చోట్లా ఒకేలా ఉండే రంగు ఉండదు. రెండు చోట్లా బతికి ఉండే రంగు ఉంటుంది, దాన్నే వెతుకుతాను. కాగితం మీది నీటి రంగులకు ఇంకో చిక్కు ఉంది. వెలుగుకు అవి వెలిసిపోతాయి కాబట్టి మ్యూజియాలు వాటిని దాదాపు యాభై లక్సుల మసకలోనే ఉంచుతాయి. ఆ మసకలో నిలవాలంటే చిత్రం పగటిపూట నా కంటికి కొంచెం గట్టిగా మాట్లాడుతున్నట్టు ఉండాలి. మొదట్లో ఇది నాకు అసభ్యంగా తోచేది, ఇప్పుడు అలవాటైంది.

నది ఒడ్డు చిత్రాన్ని మాత్రం మళ్లీ దిద్దలేదు. దిద్దడానికి రెండుసార్లు ఈజెల్ మీదికి ఎక్కించి దించేశాను. చిన్న బోర్డు మీది అసలు చిత్రం ఇప్పటికీ ఏ దీపం కిందైనా పొద్దుటిలాగే ఉంటుంది. అందులో చెట్లన్నింటికీ కలిపి పదకొండు కుంచె విసుర్లున్నాయి, లెక్కపెట్టాను.

కిందటి ప్రదర్శన చివరి రోజు ఒకావిడ వచ్చి ఆ పెద్ద చిత్రం ముందే చాలాసేపు నిలబడ్డారు. రెండోసారీ దాన్ని గోడకెక్కించానంటే మొండితనమే, కాకపోతే ఈసారి పగటి వెలుగు దీపాలున్న గది. ఆవిడ దాన్ని తీసుకుంటానన్నారు. సంతోషం ఆపుకుని, ఎక్కడ పెడతారండీ, కిటికీ ఉందా, ఏ దీపం ఉంది అని అడిగాను. కిటికీ లేదని, అది నడవా అని, పైన ఒక పాత ట్యూబులైటు ఉందని, రాత్రిపూట మాత్రమే వేస్తామని చెప్పారు. "ఇది రాత్రి చిత్రమే కదండీ? ఆ నిశ్శబ్దం నచ్చి తీసుకుంటున్నాను" అన్నారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. చిత్రం వెనక రాసిన పంక్తుల్లో "ఏడూ నలభై" అన్న చోట ఉదయమని రాయలేదని అప్పుడే గమనించాను. ఆవిడ వెళ్లాక స్టూడియోకు వచ్చి, మూలలో రెండు దీపాల పక్కన మూడోదిగా ట్యూబులైటు ఒకటి బిగించి, ఈజెల్ మీద సగంలో ఉన్న చిత్రాన్ని దానికింద పెట్టి చూసుకున్నాను. ఆకాశం ఫర్వాలేదు. గడ్డి మళ్లీ కలపాలి.